‘ప్రివిలేజ్డ్’ అని కాగితాలు చూపించకపోతే ట్రిబ్యునల్‌లో ఏం చేయాలి?

‘కౌంటర్‌లో ఒక రిపోర్టు గురించి రాశారండీ. చూపించమంటే ప్రివిలేజ్డ్ అంటున్నారు. ఇప్పుడేం చేయాలి?’ నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. కౌంటర్ అంటే పిటిషన్‌కు అవతలివారు వేసిన జవాబు, ప్రివిలేజ్డ్ అంటే చూపించకుండా ఆపుకునే హక్కు చట్టం ఇచ్చిన కాగితం. అడిగేవాళ్ళలో ప్రమోషన్ గొడవతో క్యాట్‌కు (కేంద్ర ఉద్యోగుల కేసులు చూసే ట్రిబ్యునల్) వెళ్ళిన ఉద్యోగులున్నారు, ఎన్‌సీఎల్‌టీలో (కంపెనీ కేసుల ట్రిబ్యునల్) వాటాల తగాదా నడుస్తున్న అన్నదమ్ములున్నారు, డీఆర్‌టీలో (బ్యాంకు బాకీల వసూలు ట్రిబ్యునల్) బ్యాంకుతో తలపడుతున్న హామీదారులున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో ముక్కలుముక్కలుగా చెప్పేకన్నా మొత్తం ఒకచోట పెడితే మేలనిపించింది. కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన జూనియర్లకు కూడా పనికొస్తుంది.

ఒక్క మాట ముందే గుర్తుపెట్టుకోండి. చట్టం కాపాడేది లాయరుకూ క్లయింటుకూ మధ్య సలహా కోసం నడిచిన మాటను. ఆ మాట చుట్టూ ఉన్న కాగితాలన్నిటికీ ఆ రక్షణ రాదు. కింద చెప్పే పనంతా ఈ తేడాను ఒక్కో కాగితం దగ్గర నిలబెట్టడమే.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- పిటిషన్, కౌంటర్, రిజాయిండర్ (కౌంటర్‌కు తిరుగు జవాబు), అన్ని అనుబంధాలు. ప్రింటు తీసి పెట్టుకోండి, ఫోన్‌లో చూస్తే ఈ పని సాగదు.
- ఇంతవరకు వచ్చిన డాకెట్ ఆర్డర్ల (వాయిదాల్లో బెంచ్ రాసిన ఉత్తర్వుల) కాపీలు.
- కాగితాల కోసం మీరు ఇంతకుముందు రాసిన ఉత్తరాలు, ఈమెయిళ్ళు, సమాచార హక్కు దరఖాస్తులు, వాటి జవాబులు, పోస్టల్ రసీదులు.
- మీ ట్రిబ్యునల్ చట్టం, దాని ప్రొసీజర్ రూల్స్.
- మీ లాయరు మీకు రాసిన ఉత్తరాలన్నీ వేరే ఫైలులో. కేసు కాగితాలతో కలపొద్దు. ఎందుకో చివర్లో చెబుతాను.

1. కావలసిన కాగితాన్ని పేరు పెట్టి అడగండి

ఎక్కువ అప్లికేషన్లు పోయేది ఇక్కడే. ‘ఈ విషయానికి సంబంధించిన రికార్డులన్నీ ఇవ్వాలి’ అని రాస్తే అవతలి లాయరు లేచి, ‘వల వేసి దొరికింది పట్టుకుందామని చూస్తున్నారు’ అంటారు. బెంచ్ కూడా ఒప్పుకుంటుంది.

కౌంటర్‌ను పేరా పేరా చదివి, ఎక్కడ ఏ కాగితం ప్రస్తావన వచ్చినా గీత గీయండి. ‘కమిటీ సిఫారసు మేరకు’, ‘ఆడిటర్ గమనించినట్టు’, ‘పై అధికారి ఆమోదంతో’ లాంటి మాటలు దొరుకుతాయి. అలాంటి ప్రతి మాట వెనకా ఒక కాగితం ఉంటుంది. ఒక తెల్లకాగితం మీద మూడు గడులు గీసి, మొదటి గడిలో ఆ కాగితం పేరు, తేదీ రాయండి. రెండో గడిలో కౌంటర్ పేరా నంబరు, మూడో గడిలో అది మీ కేసులో ఏ ప్రశ్నను తేలుస్తుందో రాయండి. మూడో గడి నింపలేకపోతే ఆ కాగితాన్ని జాబితాలోంచి తీసేయండి. ఇరవై అడిగి మూడు సంపాదించడం కన్నా, ఐదు అడిగి నాలుగు సంపాదించడం మంచిది.

ఆ కాగితం సాక్ష్యంగా చెల్లుతుందో లేదో ఇప్పుడే నిరూపించనక్కర్లేదు. వివాదం మీద వెలుగు వేసేదైతే డిస్కవరీకి, అంటే అవతలివారి దగ్గరున్న కాగితాలు బయటపెట్టించడానికి, చాలునని ఎం.ఎల్. సేథీ – ఆర్.పి. కపూర్ కేసులో సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది.

2. ముందు నోటీసు, తర్వాతే అప్లికేషన్

నేరుగా ట్రిబ్యునల్‌కు పరిగెత్తకండి. ‘అడిగారా?’ అన్నది బెంచ్ మొదటి ప్రశ్న. అడిగినట్టు కాగితం చూపించాలి. నోటీసు ఇంత చిన్నగా ఉంటే చాలు:

‘కౌంటర్ 7వ పేరాలో మీరు ప్రస్తావించిన విచారణ నివేదికను అనుబంధాలతో సహా చూపించి, నకలు తీసుకోనివ్వవలసిందిగా కోరుతున్నాము. ఏ పత్రమైనా చూపడానికి అభ్యంతరం ఉంటే ఆ పత్రం తేదీ, ఎవరు ఎవరికి రాశారు, ఏ కారణంతో అభ్యంతరం చెబుతున్నారు అన్నవి పత్రాల వారీగా రాసి పంపగలరు.’

రెండో వాక్యాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 11లో 15వ రూలు, ప్లీడింగ్స్‌లో (పిటిషన్, కౌంటర్ లాంటివాటిలో) ప్రస్తావించిన పత్రాన్ని చూసే హక్కు ఇస్తుంది. 17వ రూలు ప్రకారం నోటీసు అందిన 10 రోజుల్లో అవతలివారు జవాబు ఇవ్వాలి. చూపించేవాటికి ఆ జవాబు ఇచ్చిన 3 రోజుల్లోపు సమయం చెప్పాలి. చూపించనివి ఏవో, ఏ కారణంతోనో కూడా అందులోనే చెప్పాలి. ట్రిబ్యునళ్ళు ఈ కోడ్‌కు అక్షరాలా కట్టుబడవు, అయినా దాని పద్ధతినే పాటించడం మామూలు. కాబట్టి నోటీసులో ఈ రూళ్ళు ప్రస్తావించడంలో తప్పు లేదు.

కేంద్ర ప్రభుత్వ శాఖ మీద కేసైతే ఇంకో దారి కూడా ఉంది. సమాచార హక్కు చట్టం కింద ఫైలును కూర్చుని చూడొచ్చు. మొదటి గంట ఉచితం, ఆపైన గంటకు 5 రూపాయలు. కేసు నడుస్తున్నా ఈ దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ దాని జవాబు కోసం ట్రిబ్యునల్ వాయిదాలు పోగొట్టుకోకండి. రెండూ పక్కపక్కనే నడపండి.

3. వచ్చిన అభ్యంతరం ఏ రకమో తేల్చుకోండి

‘ప్రివిలేజ్’, ‘కాన్ఫిడెన్షియల్’, ‘ఇంటర్నల్’, ‘సీక్రెట్’ అన్నీ ఒకటే అన్నట్టు వాడేస్తారు. చట్టంలో ఒక్కోదానికి ఒక్కో బరువు. ఈ మెట్టు దగ్గర తొందరపడకండి.

*లాయరు సలహా.* 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం, 2023లో 132, 134 సెక్షన్లు చూడండి. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో ఇవే 126, 129. పాత నంబర్లతో డ్రాఫ్టులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, మీ అప్లికేషన్‌లో మార్చుకోండి. 132 అడ్వకేట్ నోరు విప్పకుండా ఆపుతుంది. ఆయన గుమస్తాకు, ఉద్యోగులకు, దుబాసీకి కూడా అదే వర్తిస్తుంది. 134 క్లయింటును కాపాడుతుంది. న్యాయ సలహాదారుతో జరిగిన గోప్యమైన సంభాషణను బయటపెట్టమని అతన్ని బలవంతం చేయకూడదు. అతనే సాక్షిగా బోనెక్కితే మాత్రం, చెప్పిన సాక్ష్యాన్ని వివరించడానికి అవసరమైనంత మేరకు అడగొచ్చు.

ఇక్కడ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

సలహా ఇచ్చింది అడ్వకేటేనా? 132లో ఉన్న మాట ‘అడ్వకేట్’. ఎన్‌సీఎల్‌టీలో చార్టర్డ్ అకౌంటెంట్లు, కంపెనీ సెక్రటరీలు కూడా వాదించొచ్చు. అంతమాత్రాన వాళ్ళు రాసిన ప్రతి నోటుకూ 132 రక్షణ రాదు. కంపెనీలో జీతానికి పనిచేసే లా ఆఫీసర్ సంగతి సుప్రీంకోర్టు 2025 అక్టోబర్ 31న తేల్చింది. ఆయనకు 132 కింద ప్రివిలేజ్ లేదు, 134 కింద పరిమితమైన రక్షణ ఉంది. అవతలివారు ‘లీగల్ డిపార్ట్‌మెంట్ నోట్’ అని మాత్రమే రాస్తే, రాసింది ఎవరు, ఆయన హోదా ఏమిటని అడగండి.

అది సలహా కోసమే పుట్టిన కాగితమా? బోర్డు మినిట్స్‌ను లాయరుకు పంపినంత మాత్రాన మినిట్స్ ప్రివిలేజ్డ్ అయిపోవు. లాయరుకు ‘సీసీ’ పెట్టిన ప్రతి ఈమెయిలూ సలహా కాదు.

గోప్యంగా ఉందా? లాయరు ఒపీనియన్‌ను ఆడిటర్‌కు, బ్యాంకుకు, వ్యాపార భాగస్వామికి పంపేసి ఉంటే ‘గోప్యం’ అన్న మాట నిలబెట్టుకోవడం కష్టం.

మోసం కోసం వాడుకున్నారా? చట్టవిరుద్ధమైన పని కోసం జరిగిన సంభాషణకు 132 రక్షణ లేదు. కానీ ఈ ఆరోపణ చేతిలో గట్టి ఆధారం ఉంటేనే చేయండి. ఊరికే రాస్తే మీ అప్లికేషన్ మొత్తం పలచబడిపోతుంది.

*ప్రభుత్వ రహస్యం.* ఇది అదే సాక్ష్య అధినియంలో 129, 130 సెక్షన్ల వ్యవహారం. దీన్ని సెక్షన్ ఆఫీసర్ ఒక లైన్ మెమోతో చెప్పేస్తే చెల్లదు. శాఖాధిపతి స్థాయిలో నిర్ణయం జరగాలి. ఒక్కో పత్రాన్ని చదివి, ఆలోచించి, బయటపెడితే ప్రజాహితానికి ఏ నష్టమో అఫిడవిట్‌లో చెప్పాలి. 1961లో సోధీ సుఖ్‌దేవ్ సింగ్ కేసు నుంచీ ఉన్న నియమం ఇది. 1975లో రాజ్ నారాయణ్ కేసు, 1981లో ఎస్.పి. గుప్తా కేసు తర్వాత, కోర్టు ఆ అభ్యంతరాన్ని పరీక్షించకుండా తల ఊపాల్సిన పనిలేదు.

*ఉత్త ‘కాన్ఫిడెన్షియల్’.* వ్యాపార రహస్యం, మూడో మనిషి వివరాలు, ‘అంతర్గత వినియోగానికి మాత్రమే’ అన్న ముద్ర ఈ కోవలోవి. ఇవి ప్రివిలేజ్ కిందికి రావు. దీనికి మందు దాచడం కాదు, అక్కర్లేని పేర్లూ నంబర్లూ నల్లగా కొట్టేసి మిగతాది ఇవ్వడం. 2022లో టి. టకానో – సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) కేసులో సుప్రీంకోర్టు దర్యాప్తు నివేదిక విషయంలో ఇలాంటి దారే చూపింది. మూడో పక్షానికి దెబ్బ తగిలే భాగం ఆపొచ్చు, కానీ ఆ దెబ్బ ఏమిటో చూపాల్సింది ఆపేవాళ్ళే.

ఇంకో సంగతి. తమకు పనికొచ్చే నాలుగు పేజీలు బయటపెట్టి, అదే కాగితంలో మిగిలిన పేజీలకు ప్రివిలేజ్ అంటే? ఏరుకుని చూపించడం కుదరదని 2022 ఆగస్టులో రిలయన్స్ ఇండస్ట్రీస్ – సెబీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కౌంటర్‌లో ‘న్యాయ సలహా తీసుకునే ఈ నిర్ణయం చేశాము’ అని ఆ సలహా మీదే ఆనుకుని నిలబడితే, ఈ తీర్పు తీసి పక్కన పెట్టుకోండి.

4. ఒక్కో కాగితానికీ కారణం రాయించండి

‘మొత్తం ఫైలు ప్రివిలేజ్డ్’ అన్న జవాబు వస్తే అక్కడితో ఆగొద్దు. జాబితా కావాలని రాయండి. వరస నంబరు, తేదీ, రాసినవారు, అందుకున్నవారు, ఎన్ని పేజీలు, ఏ రకం అభ్యంతరం ఉండాలి. సలహాలో ఏముందో చెప్పనక్కర్లేదు, అది అడగకండి కూడా.

దీని విలువ ఒక ఈమెయిల్ గొలుసు దగ్గర పెట్టి చూడండి. ఐదు మెయిళ్ళున్నాయనుకుందాం. మొదటిది మేనేజర్ అకౌంటెంట్‌ను లెక్క అడిగింది. రెండోది అకౌంటెంట్ జవాబు. మూడోది డైరెక్టర్ ఆ రెండూ జతచేసి అడ్వకేట్‌ను ‘దీనికి మనం బాధ్యులమా?’ అని అడిగింది. నాలుగోది అడ్వకేట్ సమాధానం. ఐదోది డైరెక్టర్ మేనేజర్‌కు ‘పేమెంట్ ఆపండి’ అన్నది. మొత్తం గొలుసుకు ఒకే ముద్ర కొడతారు. నిజానికి మూడు, నాలుగు మెయిళ్ళు రక్షణ కిందకొస్తాయి. మొదటి రెండూ మామూలు వ్యాపార ఉత్తరాలు, లాయరుకు జతచేసి పంపినా వాటి స్వభావం మారదు. ఐదోదాంట్లో సలహాను తిరిగి చెప్పిన వాక్యం ఉంటే అది కొట్టేసి మిగతాది ఇవ్వాలి. కేసు తేలేది చాలాసార్లు ఆ ఐదో మెయిల్ తేదీ దగ్గరే.

5. అప్లికేషన్ వేయండి

దీన్ని ఎన్‌సీఎల్‌టీ, డీఆర్‌టీల్లో ఐఏ (ఇంటర్‌లాక్యుటరీ అప్లికేషన్) అంటారు, క్యాట్‌లో ఎంఏ (మిసలేనియస్ అప్లికేషన్). ఆధారంగా ముందు మీ ట్రిబ్యునల్ సొంత సెక్షన్ రాయండి, సివిల్ కోడ్ ఆ తర్వాతే.

- క్యాట్: అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్స్ చట్టం, 1985, సెక్షన్ 22(3)(బి)
- ఎన్‌సీఎల్‌టీ: కంపెనీల చట్టం, 2013, సెక్షన్ 424(2)(బి)
- డీఆర్‌టీ: 1993 చట్టం, సెక్షన్ 22(2)(బి)
- ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్): 2010 చట్టం, సెక్షన్ 19(4)(బి)

అన్నిటిలోనూ మాట ఒకటే: పత్రాల డిస్కవరీ, ప్రొడక్షన్ విషయంలో సివిల్ కోర్టుకున్న అధికారం.

అభ్యర్థనలు మెట్లుమెట్లుగా రాయండి. మొదట కాగితం చూపించాలి. కాకపోతే రక్షణ ఉన్న భాగం కొట్టేసి మిగతాది ఇవ్వాలి. అదీ కాకపోతే బెంచ్ స్వయంగా చూసి అభ్యంతరం చెల్లుతుందో లేదో తేల్చాలి. మూడోదానికి ఆధారం ఆర్డర్ 11, రూల్ 19(2). ప్రభుత్వ రహస్యాలకు ఆ రూలులో మినహాయింపు ఉందని మరవకండి.

ఒక హెచ్చరిక. ప్రివిలేజ్ తేల్చడానికి బెంచ్ కాగితం చూడటం వేరు, మీకు చూపించని కాగితాన్ని సీల్డ్ కవర్‌లో చదివి దాని మీదే కేసు తేల్చడం వేరు. రెండోదానికి ఒప్పుకున్నట్టు ఎక్కడా రాయకండి, నోటితో కూడా అనకండి. సీల్డ్ కవర్ పద్ధతిని 2023 ఏప్రిల్‌లో మీడియావన్ ఛానల్ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ‘చూసి అభ్యంతరం తేల్చిన తర్వాత, మాకు ఇవ్వని కాగితాన్ని తీర్పుకు ఆధారం చేయకూడదు’ అని అప్లికేషన్‌లో ఒక వాక్యం పెట్టండి.

‘చూపించలేదు కాబట్టి వాళ్ళకు వ్యతిరేకంగా అనుకోండి’ అని అడగడం ఇంకో పొరపాటు. సాక్ష్య అధినియం 119 సెక్షన్ కింద అలాంటి అనుమానానికి చోటుంది, కానీ అది ఇవ్వగలిగీ ఇవ్వని కాగితాలకు. చెల్లే ప్రివిలేజ్ మీద ఆ వాదన నిలవదు.

6. ఇన్‌స్పెక్షన్ రోజు

ఆర్డర్ వచ్చింది కదా అని ఫోన్‌తో ఒక్కరే వెళ్ళకండి. ఇద్దరు వెళ్ళండి, ఒకరు చూడటానికి, ఒకరు రాయడానికి.

ప్రభుత్వ ఫైలైతే రెండు భాగాలుంటాయి. పచ్చటి నోట్‌షీట్లు ఒకవైపు, వచ్చిన పోయిన ఉత్తరాలు ఇంకోవైపు. నోట్ పేజీలకు 14/ఎన్, 15/ఎన్ అనీ, ఉత్తరాలకు 32/సి, 33/సి అనీ నంబర్లు వేస్తారు. ముందు విషయం చదవొద్దు. మొదటి పేజీ నుంచి చివరి దాకా నంబర్లు మాత్రమే చూడండి. 14/ఎన్ తర్వాత 17/ఎన్ వచ్చిందంటే రెండు పేజీలు తీశారు. అవి ప్రభుత్వ ప్లీడర్ ఒపీనియన్ కోసం రాసినవైతే 4వ మెట్టులో రాయించిన జాబితాలో ఉండాలి. జాబితాలో లేకపోతే అక్కడే రాసుకోండి. 17/ఎన్ మీద అధికారి పెట్టిన సంతకం, తేదీ మాత్రం తప్పక చూడండి. నిర్ణయం అధికారిది, దానికి లాయరు ప్రివిలేజ్ ఉండదు. ‘పైన 9/ఎన్ చూడగలరు’ లాంటి ప్రస్తావనలు కనిపిస్తే ఆ పేజీ ఉందో లేదో వెనక్కి వెళ్ళి చూడండి. నంబరు కొట్టేసి తిరగరాసిన చోట ఆగండి.

ఎలక్ట్రానిక్ రికార్డైతే ప్రింటుతో సరిపెట్టుకోకండి. మెయిల్ హెడర్లతో సాఫ్ట్ కాపీ, సాక్ష్య అధినియం 63(4) సర్టిఫికెట్ అడగండి. అందులో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని పోల్చుకునే గుర్తు) ఉండాలి, ఏ, బీ భాగాలు రెండూ నింపి ఉండాలి. బీ భాగం ఖాళీగా వదిలేసిన సర్టిఫికెట్ ఇస్తే అక్కడికక్కడే చెప్పండి.

లేచి వచ్చేముందు ఒక మెమో రాయండి. ఏ తేదీ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, ఏ పేజీలు చూపించారు, ఏవి చూపించలేదు. అవతలివారి సంతకం తీసుకోండి. వాళ్ళు సంతకం పెట్టబోమంటే, ఆ సాయంత్రమే మెమోను ఈమెయిల్ చేయండి.

7. పని అయిందో లేదో సరిచూసుకోండి

మొదటి మెట్టులో గీసిన మూడు గడుల కాగితం తీసి నాలుగో గడి గీయండి. ప్రతి వరసలో ‘ఇచ్చారు’, ‘కొట్టేసి ఇచ్చారు’, ‘బెంచ్ చూసి ఆపింది’, ‘లేదన్నారు’ – వీటిలో ఒకటి పడాలి. ఖాళీ గడి ఉంటే పని సగంలో ఉన్నట్టే. ‘లేదన్నారు’ అన్నచోట నోటిమాట చాలదు. ఎక్కడెక్కడ వెతికారో, ఎప్పుడు పోయిందో అఫిడవిట్ అడగండి. నల్లగా కొట్టేసిన పేజీని జాబితాతో పోల్చండి. జాబితాలో ఒక పేరా అని, కాగితంలో రెండు పేజీలు నల్లగా ఉంటే మళ్ళీ మెమో వేయండి.

మీ వైపు కాగితాలకు ప్రివిలేజ్ చెప్పాల్సి వస్తే

ఇదే కొలత మీకూ వర్తిస్తుంది. జాబితా ఇవ్వండి, నిజాయితీగా ఇవ్వండి. ప్రివిలేజ్ క్లయింటుది, లాయరుది కాదు. 132 ప్రకారం క్లయింటు స్పష్టంగా ఒప్పుకుంటేనే లాయరు బయటపెట్టగలడు. కాబట్టి ఏది ఇవ్వాలో ఏది ఆపాలో మీ లాయరుతో కూర్చుని మీరే నిర్ణయించండి.

లాయరు ఉత్తరాలు వేరే ఫైలులో పెట్టమని ఎందుకన్నానంటే, జూనియర్‌గా ఉన్న రోజుల్లో నేను అనుబంధాల సెట్టు కుట్టిస్తుంటే మా క్లయింటుకు రాసిన ఒపీనియన్ ఉత్తరం మధ్యలో ఇరుక్కుపోయింది. అవతలివాళ్ళకు సర్వ్ అయిన రెండో రోజు కనిపించింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున్నే సీనియర్ చేయించిన పని ఇది: పొరపాటున వెళ్ళిందని, క్లయింటు అనుమతి లేదని, చదవకుండా వెనక్కి ఇవ్వాలని వెంటనే ఉత్తరం పంపాం, తర్వాతి వాయిదాలో అదే మెమోగా వేశాం. కాగితం వెనక్కి వచ్చింది. మీకు అలా జరిగితే గంటలు లెక్కపెట్టుకుని కదలండి. ఆలస్యమైతే ‘మీరే వదులుకున్నారు’ అనే వాదనకు బలం చేకూరుతుంది.

ఆర్డర్ మీకు వ్యతిరేకంగా వస్తే

కారణాలు రాశారా అన్నది మొదట చూడండి. ‘విన్నాము, కొట్టేశాము’ అన్న ఆర్డర్‌పై వాదించే చోటు ఎక్కువ. క్యాట్ ఆర్డర్‌పై హైకోర్టుకు వెళ్ళాలి, 1997 నాటి ఎల్. చంద్రకుమార్ తీర్పు ఆ దారి ఖాయం చేసింది. ఎన్‌సీఎల్‌టీలో కంపెనీల చట్టం కేసైతే ఎన్‌సీఎల్‌ఏటీకి (దాని పైన ఉన్న అప్పీలు ట్రిబ్యునల్) 45 రోజులు, దివాలా కోడ్ కేసైతే 30 రోజులే. డీఆర్‌టీ నుంచి అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు 30 రోజులు. దివాలా కేసుల్లో ‘కాపీ ఇంకా చేతికి రాలేదు’ అన్న సాకు చెల్లదు, కాపీకి దరఖాస్తే పెట్టకుండా కూర్చుంటే గడువు దాటిపోతుంది. ఏ ట్రిబ్యునలైనా సరే, ఆర్డర్ చదివిన రోజే రిజిస్ట్రీ కౌంటర్ మూసేలోపు సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టి, నంబరు వేసిన రసీదు తీసుకుని ఇంటికి వెళ్ళండి.